యజమాని లేని ఆంబోతు

పొద్దున తొమ్మిదీ ఇరవైకి విజయవాడ బస్సు నందిగామ బస్టాండులోకి వచ్చింది. కండక్టరు తన సీటు కింద నుంచి థర్మాసు ఫ్లాస్కు తీసి కిటికీలోంచి నాకు అందించాడు.

"పెళ్లికొడుకును దించుకోండి డాక్టరుగారూ. టిక్కెట్టు కొట్టలేదు," అన్నాడు.

రోజు విడిచి రోజు అదే బస్సు, అదే ఫ్లాస్కు, ఇంచుమించు అదే హాస్యం. ఫ్లాస్కులో మంచుముక్కల మధ్య గాజుగొట్టాలు, వాటిలో ఎక్కడో ఫారంలో పెంచిన ఒంగోలు జాతి ఆంబోతు వీర్యం. గడ్డకట్టించిన వీర్యం, నైట్రోజన్ డబ్బాలు మా వైపు ఇంకా రాలేదు. డెబ్భైల చివరి సంవత్సరాలు. మంచు కరిగేలోగా ఎదకొచ్చిన ఆవు దొరకాలి. దొరక్కపోతే తెచ్చింది పారబోయాలి.

పశువైద్యంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, మీ రోజుల్లో ఉద్యోగం ఎలా ఉండేదని అడిగారు. బదిలీలు, పదోన్నతులు, కాగితాలు ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. వాటి గురించి రాయను. ఒక ఊరు, ఒక జబ్బు, ఒక ఆంబోతు గురించి రాస్తాను. ఊరు మునేరు ఒడ్డున, నందిగామకు సైకిలు దూరంలో ఉంది. దాని పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను.

తిరగపొర్లడం

ఆవును ఎదకు వచ్చినప్పుడు ఆసుపత్రికి తోలుకొస్తే వీర్యం ఎక్కించేవాళ్లం. ఊళ్లలో దాన్ని "సూది" అనేవారు. ఆవు చూడి కట్టకపోతే మూడు వారాలకు మళ్లీ ఎదకొస్తుంది. అలా మళ్లీ మళ్లీ రావడాన్నే తిరగపొర్లడం అంటారు.

అప్పుడప్పుడు ఏదో ఒక ఆవు తిరగపొర్లడం మామూలే. కానీ ఆ ఊరి ఆవులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అక్కడ ఆవును పాల కోసం పెంచరు. పాలకు గేదె ఉంటుంది. ఆవు కోడెదూడల కోసం. నల్లరేగడిలో పత్తికీ మిరపకూ దున్నాలంటే ఇంట్లో పుట్టిన ఎద్దుల జత ఉండాలి. రెండేళ్లు ఈనని ఆవు సంతకు పోతుంది. సంత నుంచి ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

ఆ ఆవుల్లో ఒక విషయం తేడాగా కనిపించింది. అవి మూడు వారాలకు రావడం లేదు. నెల దాటాక కొన్ని, రెండు నెలలకు కొన్ని వస్తున్నాయి. అంటే కడుపు నిలిచి, కొన్నాళ్లుండి, కరిగిపోతున్నదన్నమాట. నాలుగైదు నెలల చూడితో ఉండి ఈసుకుపోయిన, అంటే కడుపు పడిపోయిన, ఆవులు కూడా ఉన్నాయి. ఒక రైతు అలా పడిపోయిన పిండాన్ని గోనెపట్టాలో చుట్టి సైకిలు మీద తెచ్చి నా బల్ల ముందు పెట్టాడు. "ఇది ఏ రోగమో చూసి చెప్పండి," అన్నాడు. నాకు తెలియలేదు.

ఈసుకుపోయే జబ్బనగానే మేమంతా ముందు బ్రూసెల్లోసిస్‌ను అనుమానించేవాళ్లం. అది వచ్చిన ఆవులు చివరి నెలల్లో ఈసుకుపోతాయి, మాయ పడదు. ఇక్కడ రెండూ లేవు. రక్తపరీక్షల్లోనూ ఏమీ తేలలేదు. ఫ్లాస్కును అనుమానించాను, మంచును అనుమానించాను.

తొట్లలో బ్లీచింగు

మా పై అధికారి జీపులో వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. చదివినవాడే, కాకపోతే తొందర మనిషి. విబ్రియో అనే క్రిమి పేరు నాకంటే ముందు తలుచుకున్నది ఆయనే. ఆ మెచ్చుకోలు ఆయనకు ఇవ్వాలి.

ఆ క్రిమి జాతిలో రెండు రకాలున్నాయి. ఒకటి పశువు పేగుల్లో ఉంటుంది, పేడలో బయటికి వస్తుంది, నీళ్ల వెంట, మేత వెంట ఇంకో పశువు కడుపులోకి పోతుంది. దానివల్ల ఎప్పుడో ఒక ఆవు ఈసుకుపోతుంది. రెండోది ఆంబోతు మానం తొడుగు ముడతల్లో కాపురముంటుంది. ఆంబోతుకు ఏ బాధా ఉండదు, తింటుంది, తిరుగుతుంది, నిగనిగలాడుతుంది. అది దాటిన ప్రతి ఆవు గర్భసంచిలోకీ క్రిమి చేరుతుంది. మందంతా చూడి నిలవకుండా పోయేది ఈ రెండో రకంతోనే.

మా అధికారి మొదటి రకం దగ్గర పుస్తకం మూసేశారు.

"నీళ్లలోంచి వస్తుందయ్యా. కుడితి తొట్లన్నీ బ్లీచింగు పెట్టి కడిగించు," అన్నారు.

ఒక ఎండాకాలమంతా తొట్లు కడిగించాం. గొడ్లు కుడితి వాసన చూసి ముఖం తిప్పుకునేవి. "డాట్రుగారు మా గొడ్లకి బెజవాడ నీళ్లు అలవాటు చేస్తున్నారు," అని ఊళ్లో నవ్వుకున్నారు. ఆవులు తిరగపొర్లుతూనే ఉన్నాయి.

రెండో రకం నాకు తట్టకపోలేదు. కానీ ఆ ఆవులన్నీ ఫ్లాస్కు వీర్యంతో సూది చేసినవి. ఆంబోతు దాటనే లేదు కదా, ఆ జబ్బు ఎట్లా వస్తుందని నేనే దాన్ని కొట్టేశాను.

మరియమ్మ చెప్పిన మాట

మరియమ్మ కూలికి పోయేది. పెనిమిటి లేడు. ఒక్క ఆవు ఉంది. ఆ ఆవు మూడోసారి తిరగపొర్లి నా దగ్గరికి వచ్చింది. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ, "ఈసారైనా నిలవాలి మరియమ్మా," అన్నాను.

"నిలవకపోతే నన్నేం చెయ్యమంటారండి? మీ సూదిని నమ్ముకున్నా, ఆంబోతునీ నమ్ముకున్నా. ఇద్దరూ కలిసి ఒక్క దూడని ఇవ్వలేకపోయారు."

"ఆంబోతేమిటి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నోరు జారానండి."

"జారింది ఎట్లాగూ జారింది. చెప్పు."

"సూది చేయించిన సాయంత్రం ఆంబోతు దగ్గరికి కూడా తోలతామండి. అనుమానం లేకుండా. మీకు చెబితే నొచ్చుకుంటారని చెప్పం."

"ఎవరెవరు తోలతారు?"

"అందరూనండి. పెద్ద బజారు వాళ్లూ తోలతారు, మా పల్లె వాళ్లూ తోలతారు. ఊరికీ పల్లెకీ తేడా చూడని ప్రాణి మా ఊళ్లో అదొక్కటే."

ఈ పొరపాటు మా వైపు మనుషులు తప్ప ఇంకెవరూ చేయరనుకుంటాను. నా సూదిని కాదనలేదు, ఆంబోతును వదులుకోలేదు. మందు మింగి తాయెత్తు కట్టుకున్నట్టు రెండూ చేశారు. చూడి కడితే ఇద్దరికీ పుణ్యం పంచారు. కట్టకపోతే నన్ను బాధపెట్టకూడదని ఊరుకున్నారు. ఆవు నిలవనకొద్దీ ఇంకా శ్రద్ధగా ఆంబోతు దగ్గరికి తోలారు. జబ్బు అక్కడే ఉంది.

ఎదకొచ్చిన ఆవులు వేసే తీగలను, ఆ జిగట ద్రవాన్ని, గాజుగొట్టాల్లో అంచుదాకా నింపి, బిరడా బిగించి, ఖాళీ ఫ్లాస్కులో మంచు పెట్టి మధ్యాహ్నం బస్సుకు పంపాను. ఆ క్రిమికి గాలి ఎక్కువ తగిలినా చస్తుంది, ఆలస్యమైనా చస్తుంది. "పెళ్లికొడుకు అలిగి పోతున్నాడా?" అన్నాడు కండక్టరు. లాబొరేటరీ నుంచి వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. రెండో రకమే.

ఎవరిదీ కానిది

ఆ ఆంబోతు సంగతి చెప్పాలి.

వీరయ్యగారు ఆ ఊళ్లో మోతుబరి రైతు. ఒక్కడే కొడుకు, పేరు మోహన్. మునేటి ఒడ్డున మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. పదకొండో రోజున వీరయ్యగారు ఇంట్లో పుట్టిన మంచి గిత్తకు అచ్చు వేయించి కొడుకు పేరున ఊరి మీదకు వదిలారు. అలా వదిలిన దాన్ని ఎవరూ కట్టకూడదు, కొట్టకూడదు, కాడి వేయకూడదు, అమ్మకూడదు. ఏ చేలో పడినా అదిలించి ఊరుకోవాలి. అది పెరిగి పెద్దదై ఊళ్లో ఆవులను దాటింది. పుట్టినవాటిని ఊరంతా "మోహన్ దూడ" అనేవారు. "మా ఆవు మోహన్ దూడను ఈనింది" అని ఎవరైనా వీధిలో అంటే వీరయ్యగారు పని ఆపి వినేవారట.

నాకు ఆయన మీద గౌరవం ఉంది. మా ఆవిడ పోయిన రోజున నందిగామ వచ్చి, మా అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుని, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా లేచి వెళ్లిపోయారు. ఆ రోజు వచ్చినవాళ్లలో నాకు మేలు చేసింది ఆయనే. ఏడాది తిరక్కుండా నేను ఆయన గుమ్మంలోకి ఈ కబురుతో వెళ్లాల్సి వచ్చింది.

మొత్తం చెప్పాను. ఆయన విన్నారు.

"ఇప్పుడు ఏం చెయ్యాలంటారు?"

"దాన్ని పట్టి కట్టెయ్యాలి. మందు వాడి చూడాలి. తగ్గకపోతే ఇక ఆవుల్లోకి పోనివ్వకూడదు."

"మంచిదే. కానీ అది నాది కాదు గదండి. ధారపోశా. ధారపోసినదాని మీద నాకు మాటెక్కడిది? ఊరిని అడగండి."

ఊరి పెద్దలను అడిగాను. "వీరయ్యగారు ఊ అంటే మాకేం అభ్యంతరమండి? వాళ్లబ్బాయి పేరున వదిలింది," అన్నారు. మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాను. మళ్లీ ఊరిని అడగమన్నారు.

జబ్బున్న ఆంబోతును మందలోంచి తొలగించాలని పుస్తకంలో ఒక్క ముక్కలో ఉంటుంది. ఎవరు తొలగించాలో ఉండదు. పశువుకు వైద్యం చేయాలంటే ముందు "కానివ్వండి" అనే మనిషి ఒకడుండాలి. ఆ ఊళ్లో అందరి పశువు అది, అందుకే అనేవాడు లేడు. ఇది కాలేజీలో చెప్పరు. అక్కడ ప్రతి పశువుకూ ఒక యజమాని ఉంటాడు.

పై అధికారి ఉపాయం చెప్పారు. "ఏదైనా లారీ ఎక్కించి గరికపాడు దాటించెయ్యవయ్యా. చెక్‌పోస్టు అవతలికి పోతే మన జిల్లా కాదు." అవతల కూడా ఆవులుంటాయి కదా సార్ అన్నాను. ఆయన "నీ ఇష్టం," అన్నారు. ఆ తరువాత ఆ విషయంలో నన్నేమీ అనలేదు. ఆ మాటకొస్తే నాకు దొరికిన మంచి అధికారుల్లో ఆయనొకరు. తప్పు మాట చెప్పి, దాన్నే పట్టుకుని కూర్చునే మనిషి కాదు.

సూది తరువాత ఆవును ఆంబోతు దగ్గరికి తోలొద్దని ఇంటింటికీ చెప్పాను. వాళ్లు తోలకపోయినా అది రాకుండా ఉంటుందా? దానికి కంచె లేదు.

తాడు

ఇంటింటికీ తిరిగి చెప్పడంలో నేను ఊహించనిది ఒకటి జరిగింది. విబ్రియో అనే పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఒకరోజు ఆసుపత్రి ఆవరణలో ఒక రైతు తన ఆవును బోనులో పెడుతూ, "మా దానికీ మోహన్ జబ్బేనంటారా?" అన్నాడు.

నేను కసురుకున్నాను. అతను తెల్లబోయాడు. అతని మనసులో ఎగతాళి లేదు. దూడలకు ఆ పేరు ఎలా వచ్చిందో జబ్బుకూ అలాగే వచ్చింది.

కొద్ది రోజులకు వీరయ్యగారు నందిగామ వచ్చారు. ఆనాటిలాగే అరుగు మీద కూర్చున్నారు. ఈసారి మాట్లాడారు.

"జబ్బుకి పేరు పెట్టారు. విన్నారా?"

"విన్నానండి."

"మీరూ అంటున్నారా?"

"నేననను."

"మీరనరు. ఊరంటుంది. దూడలకి మావాడి పేరు పెట్టినప్పుడు నేను కాదన్నానా? సంతోషపడ్డా. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని కాదంటా? ఇంకో రెండేళ్లు పోతే వాడెవరో తెలీని పిల్లలు కూడా ఆ పేరుతో జబ్బునే చెప్పుకుంటారండి. రేపు పొద్దున రండి. కడతా."

"మీది కాదన్నారు కదా?"

"కాదు. కానీ వదిలిన చెయ్యి నాదే. పాపమంటే నాకే తగల్నివ్వండి."

మర్నాడు నేను వెళ్లేసరికి ఆయన బెల్లం ముక్క, తాడు పట్టుకుని బజారులోకి నడుస్తున్నారు. జనం గోడల దగ్గర నిలబడి చూస్తున్నారు. ఆంబోతు రచ్చ దగ్గర పడుకుని ఉంది. బెల్లం తిన్నది. మెడకు తాడు వేస్తుంటే తల కూడా విదల్చలేదు. ఆయన వెనకాలే నడిచి వచ్చింది.

"అచ్చోసిన దాన్ని కట్టాడు. చూస్తుండండి ఏమవుద్దో," అన్నాడు ఒకడు.

ఇంట్లో వీరయ్యగారి భార్య మాణిక్యమ్మగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆయన ఆగి, "కట్టెయ్యనా?" అన్నారు.

"వదిలేసిననాడు నన్నడిగారా? ఇవాళ అడగడమెందుకు?" అన్నారామె. లోపలికి వెళ్లి కుడితి బకెట్టు తెచ్చి దాని ముందు పెట్టారు. వదిలిన నాటి నుంచి ఆమె దాని వైపు చూడటం అదే మొదటిసారని తరువాత ఎవరో చెప్పారు.

వరసగా కొన్ని రోజులు స్ట్రెప్టోమైసిను ఇచ్చాను. తొడుగు లోపల కడిగి మందు పట్టించాను. వయసు ముదిరిన ఆంబోతుల్లో ముడతలు లోతుగా ఉంటాయి, మందు అందకపోవచ్చని ముందే చెప్పాను. క్రిమి పోయిందో లేదో తేల్చడానికి అంతవరకూ ఏ ఆంబోతూ దాటని పెయ్య కావాలి. ఎవరిస్తారు? వీరయ్యగారే తన పెయ్యను ఇచ్చారు. దాటించి, కొన్నాళ్లకు దాని తీగలు తీసి ఫ్లాస్కులో పంపించాను. క్రిమి ఉందని జవాబు వచ్చింది.

ఆ కాగితం చదివి వినిపించాను. "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగారు.

"విత్తు కొట్టించేస్తాను."

అంతకంటే మెత్తగా చెప్పవచ్చు. చెప్పలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి మెత్తని మాటలు ఎంత ఉపయోగపడతాయో నాకు అప్పటికే తెలుసు.

బర్డిజో అనే పెద్ద పటకారుతో ఆ పని చేస్తారు. కోత ఉండదు, నెత్తురు రాదు. దాన్ని పడదోసి కాళ్లు కట్టాక తల ఆయనే పట్టుకున్నారు. రెండు వైపులా నొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. అది ఒకసారి మూలిగింది. కట్లు విప్పాక లేచి నిలబడింది.

"ఇంక దీన్ని ఆంబోతు అనకూడదు గదండి?" అన్నారు.

"అనకూడదు. ఎద్దు."

"ఎద్దే. మంచిది. ఎద్దుకి పేరెందుకు?"

దానికి కాడి మాత్రం వేయలేదు. పాత అలవాటు పోయేదాకా కట్టే ఉంచమన్నాను. అలవాటు పోయినా విప్పలేదు. చచ్చేదాకా వాళ్ల కొట్టంలోనే ఉంది. ఊళ్లో ఒకడన్నట్టు ఏదో అవుతుందని కొన్నాళ్లు చూశారు. ఏమీ కాలేదు.

తరువాత

ఈ జబ్బులో ఒక మంచి ఉంది. ఆంబోతు లేకపోతే, కొన్ని నెలలు తెరిపి ఇస్తే, ఆవులు చాలావరకు వాటంతటవే బాగుపడతాయి. కొన్నాళ్లు ఎదకొచ్చినా సూది చేయించకుండా ఆపమన్నాం. తరువాత సూది ఒక్కటే. అప్పటికే సంతకు పోయినవి పోయాయి. మిగిలినవి నిలిచాయి. మరియమ్మ ఆవు పెయ్యదూడను ఈనింది. దాన్ని చూపించడానికి పనిగట్టుకుని తోలుకొచ్చింది.

"ఈసారి మీరొక్కరే ఇచ్చారండి," అంది అందరి ముందూ. కాంపౌండరు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు.

జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తేలలేదు. సంతలో కొన్న ఆవు ఏదో తెచ్చి ఉంటుంది. ఆంబోతుకు అంటించిందీ ఆవే, ఆంబోతు అంటించిందీ ఆవులకే. కొత్తగా తిరగపొర్లేవి లేక జబ్బు పేరు వాడకంలోంచి పోయింది. నేను చేసిన వైద్యంలో లెక్కలోకి వచ్చేది ఇదేననుకుంటాను.

కొత్తవాళ్లకు చెప్పదలచినది కొంచెమే. రైతు దాచాడంటే అబద్ధమాడాడని కాదు, మర్యాద కోసం దాచి ఉండవచ్చు. "నేను చెప్పింది చేశావా?" అని అడిగితే చేశాననే అంటాడు, నిజంగానే చేసి ఉంటాడు. "ఇంకా ఏమేం చేశావు?" అని అడగండి. కోపం లేని గొంతుతో అడగండి. ఆచారం గురించి మాట్లాడవలసి వస్తే దాని మంచిచెడ్డలు తేల్చే పని పెట్టుకోకండి. ఆ పని మనకు రాదు. క్రిమి ఎక్కడుందో చెప్పి, ఆ మనిషి నిర్ణయించుకునేదాకా అక్కడే కూర్చోండి.

నన్ను జగ్గయ్యపేట వేశారు. నైట్రోజన్ డబ్బాలు వచ్చాయి, ఫ్లాస్కు మూలన పడింది. ఎనభైల నడుమ వీరయ్యగారు పోయారని తెలిసింది. పదకొండో రోజున వెళ్లాను.

ఆయన తమ్ముడి కొడుకు కర్మ చేశాడు. చందర్లపాడు వైపు నుంచి ఒక గిత్తను కొని తెచ్చి, కడిగి, పసుపు పూసి వాకిట్లో కట్టాడు. అచ్చు వేసేవాడు నిప్పు రాజేస్తున్నాడు. మాణిక్యమ్మగారు లోపలి నుంచి వచ్చి గిత్తను చూశారు.

"దీన్ని తోలుకెళ్లు. ఆయన వద్దన్నారు."

"ఊరేమంటుంది పెద్దమ్మా?"

"ఏదో ఒకటి అంటుంది. ఆయన పేరు మాత్రం అనదు."

అతను నా వైపు చూశాడు. నిప్పు మీద నీళ్లు చల్లారు, గిత్తను విప్పి వచ్చిన దారినే తోలుకెళ్లారు.

ఆ తరువాత ఆ ఊళ్లో ఎవరి పేరునా ఆంబోతును వదల్లేదు. చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇప్పుడు వదలడం లేదు.